పేషెంటు రావాల్సిందే

"మీ అమ్మ ఎక్కడున్నదన్నా?"

"ఇంటికాడ."

"అమ్మ ఇంటికాడ ఉంటే మందు గూడ దవఖానలనే ఉంటది."

యాదగిరి ఆ పిల్ల మొహం వంక చూశాడు. నవ్వుతోందేమో అనుకున్నాడు. నవ్వడం లేదు. అట్టపెట్టెలు కత్తిరించి చేసిన నంబరు బిళ్లల్ని వరుసగా పేర్చుకుంటోంది.

అతని జుట్టులోంచి వాన నీళ్లు కారి బల్ల మీద పడుతున్నాయి. ఫస్టు షిఫ్టు దిగి, ఫ్యాక్టరీ బట్టలు కూడా మార్చుకోకుండా పటాన్‌చెరు నుంచి బీరంగూడ దాకా లూనా మీద తడుస్తూ వచ్చాడు.

"చూడండి మేడమ్, అమ్మకు అరికాల్ల పుండైంది. నొప్పికి నాలుగు గోలీలు, రాసేటందుకు మలాము ఇయ్యండి చాలు. పైసలు ఇస్త గద."

"మీ వెనుకాల ఏం రాసున్నదో చదువుండ్రి అన్నా."

వెనక్కి తిరిగాడు. గోడ మీద నీలం రంగు బోర్డు. డాక్టరు చూసేది నంబరు ప్రకారమే. పసిపిల్లలకు, ఆయాసం ఉన్నవారికి, స్పృహ తప్పినవారికి నంబరు లేదు. సూది అవసరమైతేనే. పేషెంటు రానిదే మందు ఇవ్వబడదు.

"బోర్డు మంచిగనే ఉన్నది. రాసినోళ్ల చెయ్యి మంచిగున్నది. మనసే..."

"రాసింది నేనే. చెయ్యి, మనసు రెండూ ఒక్కతీరే ఉన్నయి. డాక్టర్ సార్‌తోని మాట్లాడతరా? ఇగో నంబరు. కూసోండ్రి అన్నా."

ఆ పిల్ల పేరు సుమిత్ర. ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతు మొగులయ్య కూతురు. ఇంటర్ అయ్యాక నర్సింగు పని నేర్చుకుని, బీరంగూడలో పిన్ని వాళ్లింట్లో ఉంటూ ఈ క్లినిక్‌లో చేరింది. డాక్టర్ కిషన్‌రావు ఒక ఫ్యాక్టరీ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి రిటైరై, మెయిన్ రోడ్డు మీద రెండు దుకాణపు మడిగెలు కిరాయికి తీసుకుని ఈ క్లినిక్ పెట్టాడు. పద్ధతులు ఆయనవి. వాటిని నిలబెట్టే పని సుమిత్రది.

ఆ పని అంత సులువు కాదు. డాక్టరంటే సూది పొడవాలి, లేకపోతే గ్లూకోసు ఎక్కించాలి అనుకునే రోజులవి. "గింత సేపు కూసోవెట్టి, గోలీలు రాసి పంపుతున్నడు, ఈయనేం డాక్టరు?" అని గొణుక్కుంటూ పోయేవాళ్లే ఎక్కువ. ఊళ్లో పెద్దమనుషులైతే నంబరు బిళ్ల చేతిలో పెడితే అవమానం జరిగినట్టే చూసేవారు.

యాదగిరి వంతు వచ్చింది. కిషన్‌రావు అంతా విన్నాడు.

"పుండై ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది సార్. పొలంల తుమ్మముల్లు కుచ్చింది. మా ఊరికి ఆర్‌ఎంపీ వీర్రాజు వస్తడు. సూదులు ఇస్తనే ఉన్నడు. తగ్గుతలేదు."

"మీ అమ్మకు దాహం ఎక్కువా? రాత్రిపూట మాటిమాటికి లేస్తదా?"

"అవును సార్. మీకెట్ల తెలుసు?"

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "షుగర్ ఉండొచ్చు. చూడకుండా చెప్పను. చూడకుండా మందు గూడ ఇయ్యను. కానీ ఒక్క మాట విను బాబూ. ఇట్లాంటి పుండు ఆలస్యం చేస్తే ముందు వేలు పోతది. తర్వాత పాదం పోతది. తీసుకొని రా."

యాదగిరి బయటికి వచ్చేటప్పటికి వాన తగ్గింది. మొహం మాత్రం పాలిపోయింది. సుమిత్ర అది చూసింది.

"ఎందుకు రాదు మీ అమ్మ?" ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"మా అమ్మ పటేల్‌గూడ రాజవ్వ. ఆమె ఎక్కడికీ పోదు. అందరూ ఆమె దగ్గరికి రావాలె. వీర్రాజు ఇంటికొచ్చి, మంచం పక్కన కూసోని సూది ఇచ్చిపోతడు. ఇక్కడ నంబరు తీసుకొని కూసోవాలంటే వస్తదా?"

"మీరు తేవాలె. గట్టిగ పట్టుకుంటే ఎందుకు రాదు?"

"మా అమ్మను మీరు చూడలె."

"నన్ను మీరు చూసిన్రు గద అన్నా," అంది సుమిత్ర. అప్పుడు నవ్వింది.

ఆ నవ్వుతో యాదగిరి పని అయిపోయింది.

ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు రావడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతిసారీ అమ్మను రప్పించే ఉపాయం ఒకటి అడిగేవాడు. పుండుకు కట్టిన పాత గుడ్డను కవర్లో చుట్టి తెచ్చి "ఇది చూస్తే ఏమన్న తెలుస్తదా?" అన్నాడు ఒకరోజు. సుమిత్ర ముక్కు మూసుకుని, కవరు పట్టుకుని వెనక చెత్తకుండీ దాకా పరుగెత్తింది.

"గుడ్డకు షుగర్ ఉన్నదో లేదో మా సార్ చెప్పలేడన్నా!"

"ముందు ఆ 'అన్నా' బంద్ చెయ్యండి మేడమ్."

"మరి ఏమని పిలవాలె? వచ్చే మొగ పేషెంట్లందరినీ అన్నా అనే పిలుస్త."

"నేను పేషెంటును కాను గద!"

"కానోళ్లకు ఇక్కడ ఏం పని?"

పని కల్పించుకోవడం యాదగిరికి చేతనయ్యింది. ఐటీఐ చదివిన ఫిట్టరు. కిర్రుమనే ఫ్యాను బాగు చేశాడు. సగంలో ఆగిపోయే షట్టరుకు గ్రీజు పెట్టాడు. బెంచీ కాలు సరిచేశాడు. పని చేస్తున్నంతసేపూ ఆమె పేషెంట్లను పిలిచే తీరు వింటూ ఉండేవాడు. ఎవరి పేరూ మరిచిపోదు. ఎవరినీ కసురుకోదు. ఎవరి మాటకూ ఒంగదు. సర్పంచి బామ్మర్ది వచ్చి బల్ల గుద్దినా, "కూసోండ్రి అన్నా, మీ ముందు నలుగురున్నరు" అనే మాట ఒక్క అక్షరం మారలేదు.

ఒక సాయంత్రం అతను షట్టరు కింద కూర్చుని స్పానర్లు సర్దుకుంటుంటే, సుమిత్ర చాయ్ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"చాయ్ తాగండ్రి," అంది. చివర్లో అన్నా లేదు.

యాదగిరి తలెత్తాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. చెవుల కొసలు ఎర్రబడటం మాత్రం అతనికి కనిపించింది.

ఆ రాత్రి అన్నం తింటూ తల్లితో అన్నాడు. "అమ్మా, నాకొక పిల్ల నచ్చింది."

రాజవ్వ కాలు పీట మీద పెట్టుకుని కూర్చుంది. చేతిలో విసనకర్ర ఆగింది. పెనిమిటి పోయినప్పటి నుంచి పొలం, ఇల్లు, కొడుకు చదువు ఒక్కతే ఈడ్చుకొచ్చిన మనిషి. కొడుకు పెళ్లి మాట ఎత్తడని ఆమె బెంగ.

"ఎవల పిల్ల?"

"మనోళ్లే. ఇస్మాయిల్‌ఖాన్‌పేట. బీరంగూడల పని చేస్తది. నువ్వు చూడాలె."

"చూస్త. ఎప్పుడు పోదాం?"

ఇక్కడ యాదగిరి తెలివి మితిమీరింది. ఒక్క దెబ్బతో రెండు పనులు చేద్దామనుకున్నాడు. "సోమవారం పోదాం. ముందుగాల నీ కాలు డాక్టరుకు చూపిద్దాం. తర్వాత పిల్లను చూద్దువు."

"నంబరు గింబరు అంటరంట గద అక్కడ. నేను కూసోను."

"నీకు నంబరేందమ్మా? నేను చెప్పిన. నువ్వు దిగుడే, లోపలికి పోవుడే."

నిజానికి క్లినిక్‌లో ఎవరితోనూ చెప్పలేదు. సుమిత్ర తనకోసం ఆపాటి చేయదా అనుకున్నాడు. పటేల్‌గూడలో ఆ ఇంటి మనుషులు ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారు. పుట్టినప్పటి నుంచీ అది చూసిన కొడుకు మరోలా ఎట్లా అనుకుంటాడు?

సోమవారం క్లినిక్ ముందు జాతరలా ఉంది. ముసురు పట్టిందంటే జ్వరాలే. రాజవ్వ జరీ అంచు చీర కట్టుకుని, కొడుకు భుజం పట్టుకుని ఆటో దిగింది. జనం కొంచెం పక్కకు జరిగారు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను యాదగిరి అమ్మను. డాక్టరు ఏడున్నడు?"

సుమిత్ర లేచి నిలబడింది. చేతులు జోడించింది. స్టూలు తెచ్చి, గోడ వారగా వేసి, కాలు పెట్టుకోవడానికి ఇంకో స్టూలు కూడా తెచ్చింది. తర్వాత నంబరు బిళ్ల చేతిలో పెట్టింది.

"కూసోండి అవ్వా. పిలుస్త."

రాజవ్వ బిళ్లను చూసింది. కొడుకును చూసింది. యాదగిరి సుమిత్రను చూశాడు. సుమిత్ర తర్వాతి పేషెంటును పిలిచింది.

కొడుకు మొహం చూసి రాజవ్వ కూర్చుంది. కాసేపు ఓపిక పట్టింది. ఇంతలో ఒక బీహారీ కూలి, ఒళ్లు కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దీదీ, దేఖో నా, ఝట్కే ఆ రహే హై!" సుమిత్ర వెంటనే తలుపు తెరిచి వాళ్లను లోపలికి పంపేసింది.

రాజవ్వ లేచింది.

"నా ముందొచ్చినోళ్లు పోతే ఊకున్న. ఇప్పుడొచ్చినోడు ఎట్ల పోయిండు?"

"పసిపిల్ల అవ్వా. ఫిట్సు వచ్చినయి."

"నాది కాలు కాదా? నాకు నొప్పి లేదా?"

"ఉన్నది అవ్వా. మీ వంతు దగ్గర పడ్డది, జెర ఆగండి."

"ఆగుడు అలవాటు లేదు నాకు." నంబరు బిళ్లను బల్ల మీద పెట్టి, కుంటుకుంటూ బయటికి నడిచింది. యాదగిరి వెనకాలే పరుగెత్తాడు.

ఆటో దగ్గర ఆగి ఆయాసపడుతూ అంది. "గిదా నువ్వు చెప్పింది, దిగుడే పోవుడే? సరే, ఇగ ఆ పిల్ల ఏడున్నదో చూపెట్టు. ఆ పనన్న చేద్దాం."

యాదగిరి చూపు దించుకున్నాడు. "చూసినవు గదమ్మా."

"ఎవలను?"

"ఆ పిల్లనే. నీకు నంబరిచ్చిన పిల్లనే."

రాజవ్వ క్లినిక్ తలుపు వైపు ఒకసారి తిరిగి చూసింది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆ పిల్ల ఉన్న గడప నేను తొక్క. నా గడప ఆ పిల్ల తొక్కది. నువ్వు ఎక్కు బిడ్డా, ఇంటికి పోదాం."

సాయంత్రం క్లినిక్ ఖాళీ అయ్యే వేళకు యాదగిరి తిరిగి వచ్చాడు. బయట చినుకులు. లోపల సుమిత్ర ఒక్కతే నేల తుడుస్తోంది.

"ఒక్కసారి. ఒకే ఒక్కసారి మా అమ్మను ముందు పంపిస్తే ఏం పోతది నీది?"

కోపంలో నువ్వు అనేశాడు. సుమిత్ర అది గమనించింది.

"నాదేం పోదు. రాత్రంత డ్యూటీ చేసి పొద్దుగాల వచ్చి కూసున్నోళ్లది పోతది. మళ్ల పనికి అందకపోతే వాళ్ల హాజరు పోతది. నువ్వు ఫ్యాక్టరీలనే చేస్తవు గద, నీకు తెల్వదా?"

"తెలుసు. కానీ ఇది మన సంగతి."

"మన సంగతా?" సుమిత్ర తుడిచే గుడ్డ బకెట్లో వేసింది. "అదెప్పుడు మొదలైంది? మీ అమ్మకు చెప్పినవంట. ఆటోవానికి గూడ తెలిసి, బయట అందరికి చెప్పి పోయిండు. నాకు మాత్రం ఇంతవరకు ఎవ్వలూ చెప్పలె."

యాదగిరి బకెట్ వంక చూశాడు. అమ్మకు చెప్పిన ధైర్యం ఇక్కడ ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు. చివరికి అన్నాడు.

"చెప్పనీకి భయమైంది. నువ్వంటే నాకు ఇష్టం సుమిత్రా. ఫ్యాను బాగ చేసిన రోజు నుంచి కాదు. మందు ఇయ్యనన్న రోజు నుంచే."

ఫ్యాను తిరుగుతోంది. ఈ మధ్య అది చప్పుడు చేయడం లేదు.

"ఇప్పుడు మా అమ్మ కాలు, నా పెండ్లి, రెండూ నీ చేతుల ఉన్నయి. ఆమెను నేను ఒప్పించి తెస్త. నువ్వు నంబరు లేకుండ పంపు. కోపం పోతది. కాలు బాగైతది. నువ్వు మా ఇంటికి వస్తవు. గింత చిన్న పని."

సుమిత్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ తల అడ్డంగానే ఊపింది.

"చిన్న పని కాదు. ఇయ్యాల నేను ఒంగితే మీ అమ్మ నన్ను కోడలిగ ఒప్పుకుంటదేమో. కానీ ఎట్ల చూస్తది నన్ను? ఒకసారి ఒంగింది, ఇంకోసారి ఒంగుతది అని చూస్తది. నేను అట్ల రాను మీ ఇంటికి."

"మరి అమ్మ కాలు?"

"అదే నాకు గూడ భయం. పొద్దున కట్టు పక్కన చూసిన. చిటికెన వేలు నల్లగైంది." బకెట్ ఎత్తుకుంది. "నువ్వు పో. నన్ను ఆలోచించుకోనియ్యి."

ఆ వారమంతా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. యాదగిరి రెండుసార్లు రోడ్డుకు అవతల లూనా ఆపి, క్లినిక్ వంక చూసి వెళ్లిపోయాడు. సుమిత్ర అతన్ని రెండుసార్లూ చూసింది. రాత్రిళ్లు ఆమెకు ఆ నల్లబడిన వేలే కళ్ల ముందు మెదిలేది. కోపంగా నడిచి వెళ్లిపోయిన మనిషి ఇంట్లో ఆ కాలితో ఏం పనులు చేస్తోందో.

ఆదివారం క్లినిక్ సెలవు. పిన్నితో గుడికని చెప్పి, సుమిత్ర పటేల్‌గూడ ఆటో ఎక్కింది.

ఊళ్లోకి అడుగు పెట్టేసరికే రాజవ్వ గొంతు వినిపించింది. బోర్ల నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాక ఆ ఊరికి ట్యాంకరు వస్తోంది. ట్యాంకరు చుట్టూ బిందెలు, డ్రమ్ములు, క్యాన్లు. ఆ వరుస పక్కన, కాలికి పాలిథీన్ కవరు కట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని రాజవ్వ నిలబడి ఉంది.

"ఏయ్ దేవమ్మా! నీ డ్రమ్ము ఎనుకకు తియ్యి!"

"వదినా, మా ఇంట్ల చుట్టాలొచ్చిన్రు," అంది దేవమ్మ, డ్రమ్మును కాలితో ముందుకు తోస్తూ.

"చుట్టాలు నీళ్లు తాగుతరు. ట్యాంకరు తాగరు గద! ఎనుకకు తియ్యి."

"నీ సొంత ఆడిబిడ్డను వదినా నేను!"

"సొంతదానివి గనుకనే ముందు నీకు చెప్తున్న. నిన్ను ఇడిచిపెడితే రేపు ఎవలు నా మాట ఇంటరు? ఆ కొత్తగ వచ్చిన కిరాయిదారు పిల్ల తెల్లారకముందు నుంచి నిలవడ్డది. ఆమె బిందె నిండినంక నీది."

దేవమ్మ గొణుక్కుంటూ డ్రమ్ము వెనక్కి లాక్కుంది. సుమిత్ర ఒక గోడ పక్కన నిలబడి చూసింది. ట్యాంకరు ఖాళీ అయ్యి, ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని వెళ్లేదాకా అక్కడే ఉంది. రాజవ్వ ఎప్పుడో చూసింది ఆమెను. చూడనట్టే ఉండి, అందరూ పోయాక అప్పుడు తిరిగింది.

"ఏంది, ఊర్లకు గూడ వచ్చినవా?"

"కాలు తడి నేల మీద పెట్టొద్దు అవ్వా."

"మందులు తెచ్చినవా?"

"లేదు. పేషెంటు రానిదే మందియ్యం."

"మరెందుకొచ్చినవు?"

"మిమ్మల్ని పిలవనీకి."

"వస్తే ముందు పంపుతవా?"

"పంపను అవ్వా."

రాజవ్వకు ఒక్క క్షణం తాను విన్నది నిజమేనా అనిపించింది. "గింత దూరం ఈ మాట చెప్పనీకి వచ్చినవా? నీకు బుద్ధి ఉన్నదా పిల్లా?"

"ఎనుక కూసోవెట్టినా మీరు రావాలె అని చెప్పనీకి వచ్చిన. ఆ కాలు పోతే రేపు ఈ ట్యాంకరు కాడ ఎవలు నిలవడ్తరు?"

"ఇది నీళ్ల సంగతి. నీళ్లు లేకుంటే ఎవలన్న బతుకుతరా?"

"మా దగ్గరికి వచ్చేటోళ్లు గూడ బతుకనీకే వస్తున్నరు అవ్వా. మీరొచ్చిన్రని వాళ్లను ఎనుకకు జరుపుమన్నరు. మీరైతే మీ దేవమ్మ కోసం ఒక్క బిందెను గూడ జరపలె."

"దేవమ్మ పేరు నీకెట్ల తెలుసు?"

"బీరంగూడ దాక ఇనవడేటట్టు పిలిచిన్రు గద."

రాజవ్వ నోటి చివర నవ్వు లాంటిది ఏదో వచ్చి పోయింది. కర్ర మీద ఒరిగి, అరుగు మీద కూలబడింది. నొప్పికి మొహం ముడుచుకుపోయింది. సుమిత్ర ముందుకు వచ్చి, ఆ కాలిని ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. కవరు విప్పి, తన కొంగుతో తడి అద్దింది. రాజవ్వ వద్దనలేదు.

కాసేపటికి అడిగింది. "ఆ పోరి... ఫిట్సొచ్చిన పోరి. ఎట్లున్నది?"

"మంచిగైంది అవ్వా. వాళ్ల నాయిన నిన్న తీసుకొచ్చి చూపెట్టిండు. ఉరుకుతున్నది."

"ఊఁ." కర్రను దగ్గరికి లాక్కుంది. "మా యాదగిరి పంపిండా నిన్ను?"

"ఆయనకు తెల్వదు."

"ఆయనంట, ఆయన!" అంది రాజవ్వ. సుమిత్ర తల వంచుకుని కవరు కట్టడంలో మునిగిపోయింది. "నేను వస్తనని చెప్పలె. చూస్త."

మర్నాడు సుమిత్ర షట్టరు తీయడానికి వచ్చేసరికి, మెట్ల మీద రాజవ్వ కూర్చుని ఉంది. ఇంకా సరిగా తెల్లవారలేదు. పక్కన యాదగిరి గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

"ఒకటో నంబరు నాది," అంది రాజవ్వ. "ఎవలన్న నాకంటె ముందు పోతే చూడు!"

సుమిత్ర ఒకటో నంబరు బిళ్ల ఇచ్చింది. పెదవులు బిగపట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చప్పుడుకే యాదగిరికి మెలకువ వచ్చింది. వారం తర్వాత చూపులు కలిశాయి.

డాక్టరు వచ్చి కూర్చున్నాడో లేదో, ఒక ముసలాయన్ని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఊపిరి అందక గుండె ఎగిరెగిరి పడుతోంది. సుమిత్ర తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగి రాజవ్వ వంక చూసింది.

"నా మొహం చూస్తవేంది?" అని కసిరింది రాజవ్వ. "ఆయనకు పాణం పోతున్నది. పంపు జల్దీ!"

ఆయన తర్వాతే ఆమె లోపలికి వెళ్లింది. కిషన్‌రావు కాలు చూశాడు. రక్తం పరీక్ష చేయించాడు. షుగర్ చాలా ఎక్కువగా ఉంది. అప్పటికప్పుడు సంగారెడ్డి పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. అక్కడ చిటికెన వేలు తీసేయక తప్పలేదు. పాదం మాత్రం దక్కింది. ఇంకొక వారం అయితే అదీ చెప్పలేమన్నారు అక్కడి డాక్టర్లు.

"పోతే పోయింది," అంది రాజవ్వ, మంచం మీద నుంచి. "మట్టె పెట్టుకునే వేలు కాదు గద." ఆ మాట అని అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. మాటిమాటికీ ఆమె అడిగింది ఒకటే. వీర్రాజు ఇన్నాళ్లు తనకు ఏం సూదులు ఇచ్చాడు?

తర్వాత కట్టు మార్పించుకోవడానికి కిషన్‌రావు దగ్గరికే రావాలి. పైగా రోజూ ఇన్సులిన్.

"సూది ఇస్తేనే డాక్టరు అన్నవంట గద రాజవ్వా," అన్నాడు డాక్టరు. "ఇగ ఇడిచిపెట్టను. రోజు సూదే."

"నోరు మూసుకొని ఉంటే మంచిగుండు," అంది రాజవ్వ చెయ్యి చాపుతూ.

వానాకాలం అంతా ఆమె వచ్చింది. వచ్చినప్పుడల్లా నంబరు తీసుకుని కూర్చుంది. కొద్దిరోజులకే ఆ బెంచీ మీద ఎవరూ తోసుకోవడం మానేశారు. ఎవరైనా కొత్తవాళ్లు "జెర అర్జంటున్నది" అని తలుపు వైపు అడుగేస్తే సుమిత్ర నోరు తెరవక్కర్లేదు. "ఏం అర్జంటు? ఆయాసమా? ఫిట్సా? కాకుంటే కూసో," అనే మాట గోడ వార నుంచి వచ్చేది.

కట్టు మార్చేది సుమిత్ర. మార్చినంతసేపూ రాజవ్వ అడుగుతూనే ఉండేది. మీ నాయిన పొలం ఎంత, అన్నం ఎట్ల వండుతవు, పెండ్లైనంక పని మానేస్తవా?

"మానను అవ్వా."

"నేను మానుమంటే?"

"మీరు ట్యాంకరు కాడ నిలవడుడు మానుతరా?"

"నోరు జూడు పిల్లకు!" అనేది రాజవ్వ. కానీ కాలు వెనక్కి లాక్కునేది కాదు.

యాదగిరి ప్రాణం మాత్రం పెనం మీద ఉంది. పెళ్లి మాట ఎత్తితే చాలు, తల్లి ఒకటే అనేది. "పుండు మానేదాక ఆ మాట ఎత్తకు. కుంటుకుంట పోయి పిల్లనడుగుతనా? నా కాళ్ల మీద నేను మంచిగ నడుచుకుంట పోత." ఆమె పట్టు పడితే అంతే. అందుకని ఆ పుండు మాన్పడమే అతని బతుకైపోయింది. ఇంట్లో బెల్లం డబ్బా ఎక్కడో దాచేశాడు. చెప్పుల్లేకుండా వాకిట్లోకి అడుగు పెడితే షిఫ్టుకు పోతున్నవాడు కూడా వెనక్కి వచ్చి చెప్పులు తొడిగేవాడు. "కన్నకొడుకా, జైలరా?" అని తిట్టేది రాజవ్వ.

"అమ్మ ఎట్లున్నది?" అని సుమిత్ర అడిగితే, "పుండు నిన్నటికంటె గోరంత తగ్గింది," అని జవాబు చెప్పేవాడు.

"నేను అమ్మను అడిగిన."

"నేను గూడ అమ్మ సంగతే చెప్తున్న. మన సంగతి గూడ అదే గద."

సుమిత్ర అవుననలేదు, కాదనలేదు. అతను ఇష్టమని చెప్పిన రోజు నుంచీ ఆ మాటకు జవాబు ఇవ్వలేదు. యాదగిరి అడగలేదు. అడిగితే ఏమంటుందోనని భయం.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. ఆ పొద్దున మబ్బు పట్టి, వాన పడాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది. డాక్టరు కట్టు విప్పి, వేలితో నొక్కి, చుట్టూ చూశాడు.

"ఇగ కట్టు అక్కర్లేదు. మానింది. చెప్పులు మాత్రం ఇడవొద్దు."

రాజవ్వ లేచి నిలబడింది. కర్ర గోడకు ఆనించేసింది. రెండడుగులు వేసింది. మళ్లీ రెండు. గది తలుపు తీసుకుని, జనం కూర్చున్న బెంచీల దాకా నడిచి వచ్చి, బల్ల ముందు ఆగింది. సుమిత్ర పేషెంటుకు గోలీలు ఎట్లా వేసుకోవాలో చెబుతోంది. రాజవ్వ ఆ మాట అయ్యేదాకా ఆగింది.

"పిల్లా, మీ నాయినకు చెప్పు. ఆదివారం మీ ఊరికొస్తున్న. కాలు బాగైతే వస్తనని మీ ఊరి దుర్గమ్మకు మొక్కిన. ఆ మొక్కు తీర్చి, అటునుంచి అటే మీ ఇంటికి."

బెంచీల మీద గుసగుసలు ఆగాయి.

"కానీ పెద్దోళ్లను అడిగే ముందు నిన్నే అడగాలె. మా యాదగిరి నాకు చెప్పిండు, డాక్టరుకు చెప్పిండు, ఊరందరికి చెప్పిండు. నువ్వేమన్నవో మాత్రం ఎవ్వలూ చెప్పలె. నా కొడుకంటే నీకు ఇష్టమేనా? లేకుంటే లేదని చెప్పు. నా కాలు బాగు చేసిన పిల్లవు, నీ మీద నాకు కోపం రాదు."

సుమిత్ర చేతిలోని గోలీల పొట్లం పేషెంటుకు ఇచ్చేసింది. దగ్గుతున్న ముసలామె దగ్గు ఆపుకుంది. లోపల డాక్టరు తర్వాతి పేషెంటు కోసం గంట కొట్టలేదు.

"ఇష్టమే అత్తమ్మా," అంది సుమిత్ర. "మస్తు ఇష్టం."

అత్తమ్మా అన్న మాటకు రాజవ్వ కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యెత్తి ఆ పిల్ల తల మీద పెట్టింది.

అప్పుడే బయట లూనా ఆగింది. తల్లిని తీసుకుపోవడానికి వచ్చిన యాదగిరి, తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. వాన మొదలైంది. గదిలో అందరూ తననే చూస్తున్నారు. అమ్మ చేతిలో కర్ర లేదు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఏమైంది?" అన్నాడు గాభరాగా. "అమ్మా, కాలుకేమైంది? డాక్టర్ ఏమన్నడు?"

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెంచీ చివర కూర్చున్న ఆ ఫిట్సు పిల్ల తండ్రి, బీహారీ కూలి, ఇక ఉండబట్టలేక, "భయ్యా, దీదీ మాన్ గయీ! ఒప్పుకున్నది!" అనేశాడు.

యాదగిరి సుమిత్ర వైపు తిరిగాడు. "ఏమన్నవు?"

"ఒకసారి చెప్పిన. అందరూ ఇన్నరు."

"నేను ఇనలె గద."

"నువ్వు లేట్ వస్తే నేనేం చెయ్యాలె?"

"సుమిత్రా..."

అతని మొహంలో నవ్వు లేదు. వానలో తడిసి, వానాకాలం అంతా అడగని మాటను ఇప్పుడు అడుగుతూ నిలబడ్డాడు. సుమిత్ర బల్ల వెనక నుంచి లేచి, ఇవతలికి వచ్చింది. ఇన్నాళ్లలో పేషెంట్లందరి ముందు ఆమె ఆ బల్ల దాటి అతని ఎదురుగా వచ్చి నిలబడటం అదే మొదటిసారి.

"నువ్వంటే నాకు ఇష్టం," అంది, అతనికి మాత్రమే వినబడేటట్టు. "ఆదివారం మా నాయిన ఇంట్లనే ఉంటడు. ఆయన నాకంటె మొండి. గట్టిగ అడుగు."

"అడుగుత," అన్నాడు యాదగిరి. "ఇచ్చేదాక కదల."